పడిపోయిన దూతలకు క్షమాపణ ఉందా? ఈ ఒక్క ప్రశ్నతో తెలుగు బైబిళ్లను పరీక్షిస్తే

బైబిల్ కొనేటప్పుడు చాలామంది అట్ట, జిప్పు, అక్షరాల సైజు చూస్తారు. అవీ చూడాల్సినవే, వాటి సంగతి కింద ఉంది. కానీ ఒక ప్రతి చదువుకోవడానికి ఎంతవరకు పనికొస్తుందో తేలాలంటే చిక్కు ప్రశ్న ఒకటి పట్టుకుని దాన్ని తెరవాలి. ఇక్కడ ఎంచుకున్న ప్రశ్న సండే స్కూల్లో పిల్లలు అడిగేదే, యూత్ మీటింగుల్లో పాస్టరుగారిని ఇరుకున పెట్టేదే: మనుషుల పాపం ఎంత పెద్దదైనా క్షమించే దేవుడు, పాపం చేసిన దూతలను ఎందుకు క్షమించలేదు?

తూకానికి పెట్టినవి నాలుగు రకాలు. ఒకటి, బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వేసే పాత అనువాదం, అంటే మన సంఘాల్లో ఎక్కువమంది చేతిలో కనిపించే ‘పరిశుద్ధ గ్రంథము’. రెండు, వాడుక భాషలో వచ్చిన కొత్త అనువాదాలు: ఇండియన్ రివైజ్డ్ వెర్షన్, ఈజీ టు రీడ్ వెర్షన్, సమకాలీన అనువాదం. మూడు, ఆర్‌సీఎం వాళ్ల కతోలిక అనువాదం. నాలుగు, యూవెర్షన్ వాళ్ల ఉచిత బైబిల్ యాప్. తీర్పు ముందే చెప్పేస్తాం. ఈ ప్రశ్నకు పాత అనువాదంలో రిఫరెన్సులున్న ప్రతే (వచనం పక్కన సంబంధించిన ఇతర వచనాల సంఖ్యలు ఇచ్చేది) మొదట కొనాల్సింది. అయితే అదొక్కటే పెట్టుకుంటే మూడు చోట్ల దారి తప్పుతారు. ఆ మూడూ ఎక్కడో తెలిస్తే మిగతా ఖర్చు దాదాపు ఉండదు.

ముందు ఈ ప్రతి బాగా పనిచేసే చోటు. యూదా పత్రిక తెరవండి. ప్రకటన గ్రంథానికి సరిగ్గా ముందుంటుంది, ఒకే అధ్యాయం, 25 వచనాలు. ఆరో వచనం ఇలా ఉంటుంది: “మరియు తమ ప్రధానత్వమును నిలుపుకొనక, తమ నివాసస్థలమును విడిచిన దేవదూతలను, మహాదినమున జరుగు తీర్పువరకు కటిక చీకటిలో నిత్యపాశములతో ఆయన బంధించి భద్రము చేసెను.” ఇందులో ఏముందో, ఏం లేదో రెండూ చూడాలి. వాళ్లకో స్థానం ఉంది, దాన్ని వదిలారు, వదిలినందుకు బంధించబడ్డారు, తీర్పు ఇంకా జరగాలి. వాళ్లు క్షమాపణ అడిగారా లేదా అన్న మాటే లేదు. ఎంతమంది, ఎప్పుడు అన్నదీ లేదు. దీని పక్కన 2 పేతురు 2:4 చూడమని రిఫరెన్సు ఉండాలి. లేకపోతే ఆ ప్రతిని మళ్లీ అరలో పెట్టేయండి, అది రిఫరెన్సు బైబిల్ కాదు.

ఆ రిఫరెన్సు పట్టుకుని వెళ్తే పేతురు మాట ఇంకా కటువుగా ఉంటుంది. దేవదూతలు పాపం చేసినప్పుడు దేవుడు “వారిని విడిచిపెట్టక” కటిక చీకటిగల బిలాల్లోకి తోసి, తీర్పుకు కావలిలో ఉంచాడని. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు నాలుగో వచనం దగ్గరే ఆగిపోవడం. ఐదులో జలప్రళయం, ఆరులో సొదొమ గొమొఱ్ఱా, ఏడులో లోతు వస్తారు. తొమ్మిదో వచనం దాకా చదివితే గానీ పేతురు దూతల సంగతి ఎందుకు ఎత్తాడో తెలియదు. సంఘంలో దొంగ బోధకులకు శిక్ష తప్పదు, భక్తులకు విడుదల తప్పదు అని చెప్పడానికి తెచ్చిన మూడు ఉదాహరణల్లో దూతలది మొదటిది. అంటే ఈ వచనం దూతల చరిత్ర చెప్పడానికి రాసింది కాదు. దీనిమీద పెద్ద కట్టడం కట్టేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

పాత అనువాదపు గ్రాంథిక భాష ఈ రెండు వచనాల్లో అడ్డు కాలేదు. పైగా “బంధించి భద్రము చేసెను” అన్నచోట ఉన్న బరువు వాడుక భాషలో కొంత తగ్గుతుంది. కంఠస్థం చేసేవాళ్లకు పాతదే మంచిది. సంఘంలో గట్టిగా చదివేదీ అదే కాబట్టి చెవికి పట్టి ఉంటుంది.

ఇక తప్పే చోట్లు.

మొదటిది హెబ్రీయులకు 2:16. మన ప్రశ్నకు కొత్త నిబంధనలో దీనికంటే దగ్గరగా వచ్చే వచనం లేదు. పాత అనువాదం “ఆయన ఎంతమాత్రమును దేవదూతల స్వభావమును ధరించుకొనక, అబ్రాహాము సంతాన స్వభావమును ధరించుకొనెను” అంటుంది. దీన్ని బట్టి బోధకులు ఇలా వాదిస్తారు: క్రీస్తు మనిషి అయ్యాడు, దూత కాలేదు, కాబట్టి దూతల తరఫున చనిపోయినవాడు లేడు, కాబట్టి వాళ్లకు క్షమాపణ లేదు. వాదం బాగానే ఉంది గానీ అందులో రెండు మెట్లు మనం వేసుకున్నవి. గ్రీకు మూలంలో స్వభావం అన్న పదం లేదు, చెయ్యి పట్టుకోవడం, ఆదుకోవడం అనే క్రియ ఉంది. అందుకే కొత్త అనువాదాలు ఆయన సహాయం చేసేది దూతలకు కాదు, అబ్రాహాము సంతానానికి అన్న అర్థంలో రాశాయి. అలా చదివితే మెట్లు అక్కర్లేదు, మాట నేరుగా తగులుతుంది. కానీ ఇంకో ప్రశ్న పుడుతుంది. ఈ వచనంలోని దూతలు పడిపోయినవాళ్లా, పడనివాళ్లా? వచనంలో ఆ తేడా లేదు. మొదటి అధ్యాయం నుంచీ నడుస్తున్న పోలిక పరలోకంలో సేవ చేసే దూతలతోనే. కాబట్టి హెబ్రీ 2:16 ఒక్కదాన్నే రుజువుగా నిలబెడితే ఎవరైనా ప్రశ్నించే వీలుంది. పాత ప్రతి ఒక్కటే ఉన్నవాళ్లకు ఆ వీలు కూడా కనిపించదు. కొత్త అనువాదం ఒకటి పక్కన ఉండాలనడానికి ఈ ఒక్క వచనం చాలు.

రెండోది ఆదికాండము 6, యోబు 1. ఇది చాలామందికి తెలియని లోపం. ఆదికాండము 6:2లో “దేవుని కుమారులు” నరుల కుమార్తెలను చూసి పెళ్లాడారని ఉంటుంది. యోబు 1:6లో “దేవదూతలు యెహోవా సన్నిధిని నిలుచుటకై” వచ్చారని ఉంటుంది. హెబ్రీ భాషా మూలంలో రెండు చోట్లా ఉన్నది ఒకే మాట. పాత అనువాదం ఒకచోట కుమారులని, ఇంకోచోట దూతలని రాసింది. దాంతో తెలుగు పాఠకుడికి ఆ రెండింటికీ ఉన్న బంధం కనపడదు. అదే బంధాన్ని పట్టుకుని పాతకాలపు యూదులు, తొలి శతాబ్దాల క్రైస్తవుల్లో చాలామంది ఆదికాండము 6లో ఉన్నవాళ్లు పడిపోయిన దూతలే అనుకున్నారు. యూదా 6, 2 పేతురు 2:4 కూడా ఆ సంగతినే తలచుకుంటున్నాయని వాళ్ల లెక్క. తర్వాత అగస్టీను లాంటి వేదాంతులు కాదు, వాళ్లు ఆదాము కొడుకు షేతు సంతతివాళ్లు, అంటే మనుషులే అన్నారు. మన తెలుగు సంఘాల్లో ఎక్కువగా వినిపించేది ఈ రెండోదే. ఎటు మొగ్గినా పర్లేదు, కానీ ఒక పక్షం ఆధారాన్ని అనువాదమే దాచేస్తే తూకం సరిగ్గా ఉండదు. మంచి రిఫరెన్సు ప్రతిలో ఆదికాండము 6:2 దగ్గర యోబు 1:6, 38:7 ఇస్తారు. కొనేముందు చూడాల్సిన రెండో చోటు ఇదే.

మూడోది వెతుకులాటకు సంబంధించింది. సాతానుకు పడకముందున్న పేరుగా చెప్పే ‘లూసిఫర్’ను కాంకార్డెన్సులో (ఏ మాట ఏ వచనాల్లో ఉందో చూపే పట్టికలో) వెతికితే దొరకడు. యెషయా 14:12లో ఉన్నది “తేజోనక్షత్రమా, వేకువచుక్కా”. ఇది లోపం కాదు, పాత అనువాదం చేసిన మేలు. ఎందుకంటే అదే అధ్యాయం నాలుగో వచనంలో ఇది బబులోను రాజుమీద ఎత్తే పాట అని స్పష్టంగా ఉంది. యెహెజ్కేలు 28 కూడా అంతే, తూరు రాజు గురించి. ఈ రెండింటి వెనక సాతాను పతనం కనిపిస్తుందని మూడో శతాబ్దపు వేదాంతి ఓరిగెను నుంచి చాలామంది చదివారు. చదవొచ్చు. కానీ అది వ్యాఖ్యానం, వచనంలో ఉన్న మాట కాదు. సువార్త సభల్లో వినే లూసిఫర్ జీవితకథలో సగం ఈ రెండు అధ్యాయాల నుంచి వచ్చిందే. మిగతా సగం ప్రకటన 12 నుంచి. అక్కడా ఇదే తంతు. “దూతల్లో మూడో వంతు పడిపోయారు” అని ఖాయంగా చెప్పే వచనం బైబిల్లో ఎక్కడా లేదు. ప్రకటన 12:4లో ఘటసర్పం తోక నక్షత్రాల్లో మూడో భాగాన్ని ఈడ్చింది అని మాత్రమే ఉంది. మిఖాయేలుతో యుద్ధం ఏడో వచనంలో, అంటే ఐదో వచనంలో శిశువు దేవుని సింహాసనం దగ్గరికి ఎత్తబడ్డాక వస్తుంది. దాన్ని ఆదాముకు ముందు జరిగినట్టు చెప్పేవాళ్లు ఆ వరుసకు ఏదో ఒక సమాధానం చెప్పాలి.

సాతాను పేరు దగ్గరా జాగ్రత్త. పాత అనువాదంలో యోబు మొదటి అధ్యాయంలో ‘సాతాను’ అని ఉండదు, “అపవాది” అని ఉంటుంది. సాతాను అన్న ఒక్క మాటతో వెతికితే యోబు మొత్తం జారిపోతుంది. పాతాళం ఇంకో తలనొప్పి. కీర్తనల్లో చనిపోయినవాళ్లు చేరే చోటుకీ, లూకా 16లో ధనవంతుడు బాధపడే చోటుకీ, 2 పేతురులో దూతలను తోసిన చోటుకీ పాత అనువాదం వాడేది ఇదే మాట. మూలంలో మూడూ మూడు వేరు పదాలు. ఈ మూడింటినీ కలిపి పాతాళం పటం గీసే పుస్తకాలు బోలెడు. వాటి జోలికి పోకపోవడమే మేలు.

యాప్ సంగతికొస్తే, యూవెర్షన్ ఉచితం, తెలుగులో పైన చెప్పిన పాత, కొత్త అనువాదాలు రెండూ ఉన్నాయి. ఈ పనికి అందులో పనికొచ్చేది పోల్చి చూసే సదుపాయం. ముందు వెర్షన్ల జాబితాలో పాత అనువాదం, ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ రెండూ ఒకసారి తెరిచి పెట్టుకోండి. తర్వాత హెబ్రీ 2:16 మీద వేలు పెడితే కింద వచ్చే ఆప్షన్లలో ‘కంపేర్’ నొక్కండి, ఒకదాని కింద ఒకటి వస్తాయి. కావాల్సిన వెర్షన్లు అందులో చేర్చుకోవచ్చు. నెట్ సరిగ్గా లేని ఊళ్లో వాడేవాళ్లు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. అన్ని వెర్షన్లకూ ఆఫ్‌లైన్ అనుమతి ఉండదు కాబట్టి సభకు బయల్దేరే ముందు ఒకసారి డేటా ఆపి చూసుకోండి.

యాప్‌లో సెర్చ్ తెలుగుకు అంత నమ్మదగింది కాదు. తప్పు యాప్‌ది అనేకంటే పాత అనువాదపు సంధులది అనాలి. ‘సాతాను’ అని కొడితే ప్రకటన 12:9 రాకపోవచ్చు, ఎందుకంటే అక్కడున్నది “సాతాననియు”. ‘దేవదూతలు’ అని కొడితే మత్తయి 25:41 రాదు, అక్కడున్నది “వాని దూతలకును”. అందుకని మాటలతో వెతకడం మానేసి వచనాలు చేత్తో రాసుకోవడం మేలు. ఈ ప్రశ్నకు తప్పక చూడాల్సినవి, చదవాల్సిన వరుసలో: ఆదికాండము 6:1-4, యోబు 1:6-12, 4:18, మత్తయి 8:29, మత్తయి 25:41, లూకా 10:18, 1 కొరింథీయులకు 6:3, కొలొస్సయులకు 1:20, 1 తిమోతికి 5:21, హెబ్రీయులకు 2:14-16, యాకోబు 2:19, 1 పేతురు 1:12, 3:18-22, 2 పేతురు 2:4-9, యూదా 6, 14-15, ప్రకటన 12:4-9, 20:10. యాప్‌లో యూదా పత్రికకు వెళ్లేటప్పుడు అధ్యాయం సంఖ్య కూడా అడుగుతుంది, 1:6 అని వెళ్లాలి. పుస్తకాల్లో ‘యూదా 6’ అని రాసి ఉంటే కొత్తవాళ్లు ఆరో అధ్యాయం కోసం వెతుకుతుంటారు.

ఈ వరుసలో మత్తయి 25:41ని కొంచెం నెమ్మదిగా చదవాలి. నిత్యాగ్ని “అపవాదికిని వాని దూతలకును సిద్ధపరచబడిన”దని అక్కడుంది. మనుషులకు సిద్ధపరచిందని లేదు. అలాగే మత్తయి 8:29లో దయ్యాలు “కాలము రాకమునుపే” మమ్మల్ని బాధించడానికి వచ్చావా అని అడుగుతాయి. తీర్పు ఉందని వాటికి తెలుసు. యాకోబు 2:19లో నమ్మి వణుకుతాయి. ఈ మూడు వచనాలు కలిపి చూస్తే సువార్తల్లోని దయ్యాలకు తెలివి ఉంది, భయం ఉంది, పశ్చాత్తాపం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. అయితే దయ్యాలే పడిపోయిన దూతలు అని కూడా ఆ వచనాలు చెప్పవు. ఆ సమీకరణ సంఘ సంప్రదాయంలో వచ్చింది. కాంకార్డెన్సు పట్టుకుని చదివేవాళ్లు ఆ రెండింటినీ రెండు కాలమ్‌లుగా రాసుకుంటే గందరగోళం ఉండదు.

కతోలిక అనువాదం కొనడానికి ఆర్‌సీఎం అయి ఉండక్కర్లేదు. ప్రొటెస్టెంటు బైబిల్లో 66 పుస్తకాలైతే ఇందులో 73. ఈ అంశానికి ఆ అదనపు వాటిలో రెండు అవసరం. జ్ఞానగ్రంథం 2:24లో పిశాచి అసూయవల్లే మరణం లోకంలోకి వచ్చిందని ఉంటుంది. ఏదెనులోని సర్పాన్ని సాతానుతో కలిపి చదవడానికి తొలి ఆధారాల్లో ఇదొకటి. తోబీతులో రఫాయేలు దూత, అస్మొదేయు దయ్యం ఎదురుపడతారు, 8:3లో రఫాయేలు దాన్ని బంధిస్తాడు. యూదా 6లోని పాశాలు చదివినవాళ్లకు ఈ కథ తప్పక గుర్తొస్తుంది. ఇబ్బంది ఏమిటంటే పేర్ల రూపాలు, పుస్తకాల వరుస మన ప్రతులకు భిన్నంగా ఉంటాయి. పాత అనువాదం రిఫరెన్సులు ఇందులో వెతకడానికి మొదట్లో కాస్త సమయం పడుతుంది.

ఇంత చదివినా ‘ఎందుకు’ అన్నదానికి ఏ బైబిలూ జవాబివ్వదు. దూతలను విడిచిపెట్టలేదు అంటుంది, ఎందుకో చెప్పదు. జవాబులు వేదాంతుల దగ్గర ఉన్నాయి. అవి కావాలంటే బైబిల్ కొనే డబ్బుతో వాటిని ఆశించకూడదు. ఎనిమిదో శతాబ్దంలో డమస్కు యోహాను చెప్పింది: మనుషులకు మరణం ఎలాంటిదో దూతలకు పతనం అలాంటిది, ఆ తర్వాత మారుమనస్సుకు చోటు లేదు. 1098లో అన్సెల్ము ఇంకో దారిలో వచ్చాడు. మనుషులంతా ఒకే ఆదాము సంతానం, అందుకే ఒకరు అందరి తరఫున నిలబడగలిగారు. దూతలు ఒకరినుంచి ఒకరు పుట్టినవాళ్లు కారు, ఎవడి పతనం వాడిదే, ఇంకొకరు ప్రేరేపించకుండా పడ్డారు కాబట్టి వాళ్ల తరఫున నిలబడే బంధువు లేడు. పదమూడో శతాబ్దంలో తోమా అక్వీనాసు మాట తెలివి గురించి. మనిషి ఒక్కో విషయం తెలుసుకుంటూ మనసు మార్చుకుంటాడు. దూతకు చూడగానే మొత్తం తెలుస్తుంది, అందుకే అతని నిర్ణయం ఒకసారి తీసుకుంటే స్థిరపడిపోతుంది. 1992లో వచ్చిన కతోలిక సత్యోపదేశం (ఆ సంఘపు అధికారిక బోధన గ్రంథం) 393వ పేరా ఈ వాదాన్నే కుదించి చెప్తుంది. దూతల పాపం క్షమించరానిది కావడానికి కారణం దేవుని కనికరంలో కొరత కాదు, వాళ్లు ఎంచుకున్న దారి వెనక్కి తిప్పలేనిది కావడమే అని. ఆ పేరా ఇంగ్లీషులో వాటికన్ వెబ్‌సైటులో ఉచితంగా ఉంది. 391 నుంచి 395 దాకా ఐదు పేరాలు, పది నిమిషాల చదువు. ప్రొటెస్టెంట్లు కూడా చదవదగ్గవే, ఎందుకంటే మన బోధకులు చెప్పే జవాబు ఎక్కువసార్లు ఈ వాదమే, పేరు చెప్పరు అంతే. సంస్కరణ సంఘాలవాళ్లు (కాల్విను బోధను అనుసరించేవాళ్లు) 1 తిమోతికి 5:21లోని “ఏర్పరచబడిన దేవదూతల” మీద నిలబడి, నిలిచిన దూతలను నిలబెట్టింది దేవుని ఏర్పాటే అంటారు. మా దృష్టిలో అన్సెల్ము వాదం తెలుగు పాఠకుడికి త్వరగా ఎక్కుతుంది. అక్వీనాసుది గట్టి వాదమే కానీ, దూత తెలివి గురించి ఆయన చెప్పింది ఒప్పుకుంటేనే నిలుస్తుంది.

ఎదురు పక్షం కూడా ఉంది, దాన్ని దాచే స్టడీ బైబిల్ (వచనాల కింద వివరణలుండే ప్రతి) నోట్సుకు మార్కులు తగ్గించాలి. కొలొస్సయులకు 1:20లో సిలువ రక్తంతో సంధిచేసి భూలోకంలోవైనా పరలోకంలోవైనా సమస్తాన్నీ తనతో సమాధానపరచుకోవాలన్నది తండ్రి అభీష్టమని ఉంది. ‘సమస్తం’లో పడిపోయిన దూతలు ఉన్నారా? ఓరిగెను అటువైపు మొగ్గాడన్న పేరుంది. నాలుగో శతాబ్దపు నిస్సా బిషప్పు గ్రెగొరీ చివరికి చెడును పుట్టించినవాడు కూడా స్వస్థత పొందుతాడని రాశాడు. ఏడో శతాబ్దంలో సిరియాక్ భాషలో రాసిన సన్యాసి ఇస్సాకు, కనికరం నిండిన హృదయం దయ్యాల కోసం కూడా కన్నీళ్లు పెడుతుందన్నాడు. దీనికి వ్యతిరేకంగా 543లో చక్రవర్తి జస్టీనియను శాసనం వచ్చింది. దయ్యాల శిక్షకు, భక్తిహీనుల శిక్షకు ఒకనాటికి ముగింపు ఉందనేవాళ్లను అది శపించింది. అంతకుముందే అగస్టీను కూడా ఈ ఆశను గట్టిగా ఖండించి, మత్తయి 25:41, ప్రకటన 20:10 చూపించాడు. ఈ చరిత్ర అంతా నాలుగు వాక్యాల్లో ఇవ్వొచ్చు. స్టడీ బైబిల్లో కొలొస్సయులకు 1:20 కింద నోట్సు ఈ ప్రశ్నను అసలు ఎత్తకపోతే, ఆ నోట్సు భక్తిని పెంచుతుందేమో గానీ చదువును పెంచదు.

1 పేతురు 3:19-20 కూడా నోట్సు పనితనం తేల్చే చోటే. చెరలో ఉన్న ఆత్మలకు క్రీస్తు ప్రకటించాడని ఉంది. నోవహు దినాల్లో అవిధేయులైనవాళ్లని ఉంది. వాళ్లు మనుషులా, ఆదికాండము 6 దూతలా? ప్రకటించింది క్షమాపణా, విజయమా? 22వ వచనంలో దూతలు, అధికారాలు ఆయనకు లోబడ్డారని ఉండటం వల్ల విజయ ప్రకటన అనేవాళ్ల వాదానికి బలం ఉంది. మంచి నోట్సు కనీసం రెండు అభిప్రాయాలు చెప్తుంది. ఒక్కటే చెప్పి ‘స్పష్టంగా’ అని మొదలుపెట్టే నోట్సును పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

పై ప్రతుల్లో దేనిలోనూ దొరకనిది హనోకు గ్రంథం, ఆదికాండములోని హనోకు పేరుతో వచ్చిన పాత యూదు రచన. యూదా 14-15 ఉదాహరించింది దాని మొదటి అధ్యాయం తొమ్మిదో వచనాన్నే. మన ప్రశ్నను నేరుగా ఎత్తిన పాత గ్రంథం కాబట్టి వదలడానికి లేదు. అందులో 200 మంది కావలి దూతలు హెర్మోను కొండమీద దిగుతారు, శెమిహాజా వాళ్ల నాయకుడు. శిక్ష పడ్డాక హనోకును పిలిచి, మా తరఫున క్షమాపణకు అర్జీ రాసిపెట్టు అని అడుగుతారు. ఆకాశంవైపు కళ్లెత్తడానికి కూడా వాళ్లకు సిగ్గు. హనోకు రాసి తీసుకెళ్తాడు. దేవుని జవాబు 15వ అధ్యాయంలో ఉంది: మనుషుల కోసం మీరు వేడుకోవాలి గానీ, మీ కోసం మనిషి వేడుకోవడమేమిటి? 16వ అధ్యాయం ‘మీకు సమాధానం లేదు’ అన్న మాటతో ముగుస్తుంది. అంతకుముందే పదో అధ్యాయంలో వాళ్లను 70 తరాలపాటు భూమి లోయల్లో బంధించమన్న ఆజ్ఞ ఉంది. యూదా 6 చదివిన వెంటనే ఇది చదివితే పాశాలు, చీకటి, మహాదినం మూడూ ఎక్కడివో అర్థమవుతుంది. దయ్యాలంటే పడిన దూతలు కారు, చచ్చిన రాక్షస సంతానపు ఆత్మలు అనేది కూడా ఇందులోనిదే.

ఇది ఇతియోపియా, ఎరిత్రియా తెవాహెదో సంఘాలకు మాత్రం పరిశుద్ధ గ్రంథంలో భాగం, మిగతా సంఘాలకు కాదు. పూర్తి పాఠం ఇతియోపియా పాత భాష గీజ్‌లో నిలిచింది, మృతసముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో అరామిక్ ముక్కలు దొరికాయి. ఆర్.హెచ్. చార్లెస్ ఇంగ్లీషు అనువాదం కాపీరైటు లేనిది, నెట్‌లో ఉచితం. మన ప్రశ్నకు 6 నుంచి 16 అధ్యాయాలు చాలు, గంట పట్టదు. ‘దాచిపెట్టిన బైబిల్ పుస్తకం’ అంటూ రంగురంగుల అట్టలతో అమ్మే ప్రతులు కొనకండి. చాలావాటిలో అనువాదం ఎవరిదో ఉండదు, వచనాల సంఖ్యలు కూడా ఉండవు. అలాంటి ప్రతితో 10:12 వెతకమంటే ఎవరికీ సాధ్యం కాదు.

ఇక షాపులో చూసుకోవాల్సినవి. బైబిల్ కాగితం పలచన, వెనక పేజీ అక్షరాలు ఎంతోకొంత కనిపిస్తాయి. దీపం వెలుగులో యూదా పేజీ తెరిచి చూడండి. పుస్తకం చివర ఉంటుంది కాబట్టి కుట్టు గట్టిదైతే అక్కడ కూడా బల్లమీద పరిచినట్టు నిలుస్తుంది, జిగురు బైండింగ్ అయితే మూసుకుపోతుంది. అక్షరం మరీ చిన్నదైతే తెలుగులో మొదట చెడేది వత్తులు: ‘త్రోసి’లో రావత్తు, ‘గొమొఱ్ఱా’లో బండి ఱ వత్తు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. రిఫరెన్సులు అంతకంటే చిన్న అక్షరాల్లో ఉంటాయి. అవి కళ్లజోడుతో కూడా చదవలేకపోతే ఆ ప్రతి ఎంత చవకైనా దండగే. అండర్‌లైన్లకు జెల్ పెన్ను వద్దు, వెనక్కి దిగుతుంది. పెన్సిలు, లేదా మైనంలా ఉండే పొడి హైలైటరు వాడండి. జిప్పు కవరు దుమ్మునుంచి కాపాడుతుంది, కానీ బిగుతుగా ఉంటే జిప్పు పళ్లు చివరి పేజీల అంచులను చింపుతాయి. ప్రకటన గ్రంథం, యూదా పత్రిక ఉండేది ఆ పేజీల్లోనే.

కంఠస్థం, కూటాల్లో చదవడం మీ పనైతే పాత అనువాదం సాదా ప్రతి చాలు, హెబ్రీ 2:16కు మాత్రం యాప్‌లో కొత్తదాన్ని పోల్చండి. సండే స్కూలు లేదా యూత్‌కు నేర్పేవాళ్లు రిఫరెన్సు ప్రతే కొనాలి, ఆదికాండము 6:2 దగ్గర యోబు 1:6 ఉందని చూసుకుని. ప్రసంగం తయారుచేసేవాళ్లకు వీటితోపాటు కతోలిక అనువాదం, సత్యోపదేశంలో ఆ ఐదు పేరాలు, హనోకు 6-16 కూడా బల్లమీద ఉండాలి. స్టడీ బైబిల్ అన్నిటికంటే చివర కొనండి. అదీ కొలొస్సయులకు 1:20, 1 పేతురు 3:19 దగ్గర నోట్సు షాపులోనే నిలబడి చదివాక.